అరచేతి మీట

మా ఆర్కెస్ట్రా నడిపే మనిషిని నేను బావ అంటాను. చుట్టరికం ఏమీ లేదు. ఇరవై ఏళ్ళుగా ఒకే వ్యానులో పక్కపక్కన కూర్చుని తిరగడంతో కుదిరిన వరస అది. ఆయన పాడతాడు, నేను లీడ్ గిటారు వాయిస్తాను. ఏటా శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో ఒక ఊరివాళ్ళు రంగు దీపాలతో ఎత్తుగా కట్టే కరెంటు ప్రభ దగ్గర మా ప్రోగ్రాం ఉంటుంది. ఈసారి పండగ ఇంకా నెల ఉందనగా ఒక మధ్యాహ్నం ఆయన నరసరావుపేటలో నా మైకుసెట్ల కొట్టుకి వచ్చాడు. టీ తాగాడు, మిర్చి రేటు గురించి మాట్లాడాడు, గ్లాసు కింద పెట్టాక గానీ అసలు మాట బయటపెట్టలేదు.

"ఒరేయ్, ఈసారి ఆ బిట్టు కీబోర్డులో లాగిద్దామనుకుంటన్నా. నువ్వు రిథమ్ చూసుకో. నీ వేలిక్కూడా కాస్త రెస్టుగా ఉండిద్ది."

ఆ బిట్టు అంటే ఏమిటో చెప్పాలి. తిరునాళ్ళ జనం ఎన్నిసార్లు పాడినా మళ్ళీ అడిగే పాట ఒకటుంది. మాటలు మొదలయ్యే ముందు అందులో గిటారు ఒక్కటే మోగుతుంది. రెండో తీగను నొక్కిపట్టి ఉంగరపు వేలితో పక్కకి లాగి, స్వరాన్ని కిందనుంచి పైకి ఎక్కించి, అక్కడ కాసేపు నిలిపి, మెల్లగా దించాలి. అది సరిగ్గా పడితే వింటున్నవాళ్ళు కళ్ళు తుడుచుకుంటారు. నా పేరు తెలియనివాళ్ళు కూడా నన్ను 'ఏడిపించే గిటారాయన' అనేవాళ్ళు. మా ఆవిడకు మాత్రం ఆ బిరుదు నచ్చేది కాదు. ఇంట్లో కూడా చేసేది ఆ పనేగా అనేది.

పోయిన వానాకాలంలో కొట్టు షట్టరు దించుతుంటే ఎడమచేతి ఉంగరపు వేలు దాని కింద పడింది. కుట్లు వేశారు, వేలు నిలిచింది. కానీ దాన్ని ముడిచే నరం దెబ్బతినడంతో చివరి కణుపు వంగడం మానేసింది. తీగ మీద ఆనించి పెట్టగలను, లాగలేను. లాగబోతే జారిపోతుంది. మధ్యవేలితో ప్రయత్నించాను, స్వరం సగం దారిలో ఆగిపోయేది. ఎవరికీ వినపడకుండా స్పీకరు బాక్సుల వెనక కూర్చుని నెలల తరబడి సాధన చేశాను. ఈమధ్య ఆ పాట పాడే అవకాశం రాకపోవడంతో ఎవరికీ తెలియదనుకున్నాను. బావకి ఎప్పుడో తెలిసిపోయిందని ఆ మధ్యాహ్నం అర్థమైంది.

నాకు కోపం వచ్చింది. కోపం కన్నా భయం ఎక్కువ వేసింది. పాట వెనక తాళానికి తీగలు మీటే రిథమ్‌కి పేటలో ఏ వీధిలో అడిగినా ఒకడు దొరుకుతాడు. ఈ ఏడాది రిథమ్ అంటారు, వచ్చే ఏడాది బాక్సులు మోయమంటారు, ఆ పై ఏడాది వ్యానులో చోటు లేదంటారు. నేను ఊరికే ఇంత దూరం ఆలోచించే మనిషిని. మా ఆవిడ తుమ్మితే ఆస్పత్రి దాకా వెళ్ళిపోతుంది నా బుర్ర. కానీ ఈసారి నా ఆలోచన తప్పని నాకు నేను చెప్పుకోలేకపోయాను.

కీబోర్డు వాయించేది రాజుపాలెం మనిషి. నలభై ఇంకా రాలేదు, అక్కడే ఒక బడిలో పిల్లలకి సంగీతం చెబుతాడు. కీబోర్డులో గిటారు శబ్దం పెట్టుకుని, పక్కనున్న చిన్న చక్రాన్ని వేలితో తిప్పుతూ స్వరాన్ని సాగదీస్తాడు. ఆ రోజు సాయంత్రం అతనే ఫోన్ చేశాడు.

"అన్నా, ఆ బిట్టు నేనడగలా. బావే చెప్పాడు. నువ్వేమీ అనుకోవాకు. ఇంకో సంగతి, నీకో వీడియో పంపా చూడు. తీగ లాగటానికి వేలు అక్కర్లేదంట. అరచేత్తో నొక్కితే లేస్తదంట."

చూశాను. ఎవరో ముసలి తెల్లాయన. గిటారు కింది చివర తీగలు కట్టే చోట ఒక లోహపు పట్టీ బిగించి ఉంది. దానికి రెండు చిన్న మీటలు. కుడిచెయ్యి తీగలు మీటుతూనే ఉంది, అదే చేతి అరచెయ్యి కింది భాగంతో ఆయన మీట నొక్కాడు. రెండో తీగ బిగుసుకుని స్వరం పైకి ఎక్కింది. వదిలితే దిగింది. ఎడమచేతి వేళ్ళు కదలనే లేదు. ఆ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అన్నం చల్లారిపోయిందని మా ఆవిడ ఫోను లాక్కుంది.

ఆ వస్తువును చేసే కంపెనీ ఏనాడో చెయ్యడం మానేసింది. ఇంటర్నెట్‌లో వెతికితే ఫొటోలు ఉన్నాయి, వస్తువు లేదు. ఒకచోట ఉందన్నారు, ఇండియాకి మాత్రం పంపం అన్నారు. ఇంకోచోట పంపుతామన్నారు, పండగ దాటాక చేరుతుందన్నారు. విజయవాడ, గుంటూరు, చెన్నై, తెలిసిన కొట్లన్నిటికీ ఫోన్లు చేశాను. చాలామందికి నేను చెప్పేదేమిటో అర్థం కాలేదు. రోజులు పోతున్నాయి, అటు రిహార్సల్ రోజు దగ్గరపడుతోంది. చివరికి హైదరాబాదులో ఒక పాత గిటార్ల కొట్టాయన కాసేపు ఆలోచించి, "అలాంటిది జీవితంలో ఒక్కటే అమ్మాను. సాగర్ నుంచి వచ్చిన సారు తీసుకెళ్ళాడు. ఇరిగేషన్‌లో పని అన్నాడు" అన్నాడు.

ఫోను నంబరు లేదు. సాగర్ డ్యాముకి మన వైపు విజయపురి సౌత్‌లో నాకు తెలిసిన బస్సు డ్రైవరు ఒకాయన ఉన్నాడు. గిటారు వాయించే ఇరిగేషన్ సారు ఎవరైనా ఉన్నారేమో కనుక్కోమంటే మర్నాటికల్లా ఇల్లూ, ఫోను నంబరూ చెప్పాడు. అక్కడ గిటారు వాయించిన ఇరిగేషన్ ఉద్యోగి ఒక్కడేనట. నేను శనివారం కొట్టు మూసి, మాచర్లలో బస్సు మారి వెళ్ళాను. దారి పొడవునా ఒకటే దిగులు. ఆయన ఇస్తాడో ఇవ్వడో, అసలది ఉందో పారేశాడో అని. ఫోన్ చేసి అడిగితే లేదంటాడేమోనని చెయ్యకుండా వెళ్ళాను.

డెబ్బై దాటిన మనిషి. నేను చెప్పినదంతా విని, నా వేలు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. లోపలికి వెళ్ళి బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. అందులో పాత బనీను గుడ్డలో చుట్టి ఉంది ఆ పట్టీ. ఆయన గిటారు మెడ ఎప్పుడో వంగిపోయిందట, దాన్ని తీసేసినా దీన్ని పారెయ్యబుద్ధి కాలేదట.

"ఇది పెట్టాలంటే గిటారుకి మూడు బెజ్జాలు కొట్టాలయ్యా. కొట్టాక మల్లా పూడవు. తెలుసుగా?"

"తెలుసు సార్" అన్నాను. తెలియదు. వీడియోలో ఆ ముసలాయన బెజ్జాల సంగతి చెప్పలేదు.

"అట్టయితే తీసుకెళ్ళు. వాయించేవాడి దగ్గరుండాల్సిన వస్తువు."

నేను చెయ్యి చాచాను. ఈలోగా ఆయన భార్య వంటింట్లోంచి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"ఇయ్యాల వారమేంది? శనివారం పూట ఇంట్లో ఇనుం బయటికి పంపుతారా ఎవురన్నా?"

నేను చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మా ఇంట్లోనూ ఇదే పట్టింపు. శనివారం నాడు మేకు కూడా కొనం, ఎవరికీ ఇవ్వం. అలాంటిది, కొట్టు మూసుకునే వీలుందని నేనే శనివారం చూసుకుని బయల్దేరాను. ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదేమిటని నన్ను నేను తిట్టుకున్నాను. పెద్దాయన మాత్రం గొడవపడలేదు. అలవాటైన విషయం కాబోలు.

"ఇనుం పోగూడదు. ఇనుం కానిది పోవచ్చుగా?"

ఆవిడ కాస్త ఆలోచించి పోవచ్చంది. ఆయన పాడైపోయిన స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ఒకటి తెచ్చి, పట్టీని ముక్కలు ముక్కలుగా విప్పి, చాప మీద వరసగా పెట్టి ఒక్కోదానికీ ఆనించాడు. ఆవిడ వంగి కళ్ళప్పగించి చూస్తోంది. పట్టీ అంటుకోలేదు, అది అల్యూమినియం. మీటలు అంటుకోలేదు, అవి ఇత్తడి. వాటి ఇరుసు కూడా ఇత్తడే. మూడు మరలు, రెండు స్ప్రింగులు మాత్రం టక్కున వెళ్ళి అయస్కాంతానికి అతుక్కున్నాయి. ఆవిడ వాటిని వేరే పొట్లం కట్టి డబ్బాలో వేసి మూత పెట్టేసింది.

"అయ్యి రేపొచ్చి తీసకపో నాయనా. అన్నం పెడతా, ఈ రాత్రికి ఇక్కడే ఉండు" అంది.

ఉండి ఉంటే బాగుండేది. కానీ ఆదివారం నా కొట్టు నుంచి ఒక పెళ్ళికి మైకుసెట్టు వెళ్ళాలి. దానికన్నా పెద్ద కారణం నా తొందర. మరలూ స్ప్రింగులే కదా, మన ఊళ్ళో దొరకవా, వాటి కోసం మళ్ళీ రెండు బస్సులు మారి రావాలా అనుకున్నాను. రిహార్సల్ గురువారం. చేతిలో ఉన్నదాన్ని పట్టుకుని ఆ సాయంత్రమే పేటకి బయల్దేరాను.

మా కొట్టుకి నాలుగు షట్టర్ల అవతల లేతు పని చేసే భాయ్ ఉన్నాడు. మోటారు షాఫ్టులు తిప్పడం, పురుగుమందు కొట్టే స్ప్రేయర్లు బాగుచెయ్యడం ఆయన పని. శుక్రవారం మూస్తాడు, ఆదివారం తీస్తాడు. మైకుసెట్టు పెళ్ళికి పంపించి గిటారు గుడ్డలో చుట్టుకుని బయల్దేరితే మా ఆవిడ నవ్వింది, పిల్లని ఆపరేషన్‌కి తీసకపోతన్నట్టు పోతన్నావే అని. నాకు నవ్వు రాలేదు.

భాయ్ పట్టీని చేతిలో పట్టుకుని మీటలు ఆడించి చూశాడు. "మంచి పనితనం తమ్ముడూ" అన్నాడు. ఆ తర్వాత గిటారుని చూశాడు. "చెక్కకి నేనెప్పుడూ డ్రిల్లు పెట్టలా. ఇనుముకైతే చెప్పు."

నా ముఖం చూసి జాలిపడ్డాడేమో, పాత మంచం కోడు ముక్క ఒకటి తెచ్చి దాని మీద మూడుసార్లు బెజ్జాలు కొట్టి చూశాడు. ఎంత లోతు పోవాలో కొలిచి డ్రిల్లు మొనకి అక్కడ టేపు చుట్టాడు. గిటారు మీద కాగితం అంటించి పట్టీని పెట్టి గుర్తులు పెట్టాడు. నేను స్కేలు పెట్టి కొలిచాను. మళ్ళీ కొలిచాను. తీగ దారికి పట్టీ ఏమాత్రం పక్కకి పోయినా స్వరం పలకదు. అరంగుళం లోతు దాటితే లోపల వైర్లు తెగుతాయి. మూడోసారి కొలవబోతుంటే భాయ్ స్కేలు లాక్కుని, "నువ్వు బయటికెళ్ళి టీ తాగు" అన్నాడు.

వెళ్ళాను, టీ తాగలేదు. రోడ్డు మీద నిలబడి వింటున్నాను. డ్రిల్లు మొదలైంది, ఆగింది. మళ్ళీ మొదలైంది, ఆగింది. మూడోసారి మొదలయ్యాక ఒక్కసారిగా శబ్దం మారింది, మొన దేనికో తగిలినట్టు. లోపలికి పరుగెత్తితే భాయ్ నింపాదిగా చెక్కపొడి ఊదుతున్నాడు. "కరెంటు డిమ్మయింది, మరేం లేదు" అన్నాడు. అప్పుడు నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మరలు ఆయన దగ్గరున్నవే సరిపోయాయి. స్ప్రింగు దగ్గర వచ్చింది తంటా. స్ప్రేయరు మీటలో ఉండే స్ప్రింగు పెట్టాం. అది ఎంత గట్టిగా ఉందంటే అరచెయ్యి నొక్కితే గిటారే ఒరుగుతోంది గానీ మీట దిగడం లేదు. భాయ్ దాన్ని రెండు చుట్లు కోశాడు. ఇప్పుడు మీట మెత్తగా దిగింది, స్వరం చక్కగా పైకెక్కింది. వదిలాను. కిందికి వచ్చింది, కానీ పూర్తిగా రాలేదు. వెంట్రుకవాసి పైనే ఆగిపోయింది. మళ్ళీ నొక్కి వదిలితే ఇంకో వెంట్రుకవాసి. నాలుగుసార్లు నొక్కేసరికి తీగ మొత్తం శ్రుతి తప్పింది. భాయ్‌కి తేడా తెలియలేదు, బాగానే ఉందిగా అంటున్నాడు. నేను గిటారుకున్న మూడు బెజ్జాల వైపు చూస్తూ కూర్చున్నాను. ఇక వెనక్కి పోవడానికి లేదు.

ఆ సాయంత్రం సాగర్‌కి ఫోన్ చేశాను. ఎత్తింది ఆవిడే. "రేపు రమ్మంటే వస్తాడేమోనని ఎదురుచూశాం నాయనా. వంట కూడా చేశా" అంది. నాకు సిగ్గేసింది. సోమవారం పొద్దున పేటకి నేరుగా వచ్చే బస్సేదైనా చూసి పొట్లం పంపుతానంది.

సోమవారం పదింటి నుంచీ బస్టాండులో నిలబడ్డాను. మొదటి బస్సు డ్రైవరు తనకెవరూ ఏమీ ఇవ్వలేదన్నాడు. రెండో బస్సు ఆలస్యమైంది. పొట్లం ఎక్కడో జారిపోయి ఉంటుందనీ, ఆవిడ మనసు మార్చుకుని ఉంటుందనీ, సోమవారం కూడా ఇనుం పంపకూడదని ఎవరో చెప్పి ఉంటారనీ రకరకాలుగా అనుకున్నాను. మూడో బస్సు వచ్చింది. డ్రైవరు కిందికి దిగి, జేబులోంచి కాగితం పొట్లం తీసి, నేను చాచిన చేతిలో పెట్టకుండా బస్సు మెట్టు మీద పెట్టాడు.

"తీసుకో. నీ చేతికియ్యొద్దని ఆ పెద్దమ్మ నాతో ఒట్టేయించుకుంది. ఇనుం చేతికిస్తే మీకూ వాళ్ళకూ పడదంట."

ఆ స్ప్రింగులతో మీట ఎంత దిగిందో అంతా పైకి వచ్చింది, స్వరం బయల్దేరిన చోటికే తిరిగి చేరింది. అయినా పని అక్కడితో అయిపోలేదు. తీగలు మీటే చేత్తోనే మీట నొక్కాలి. రెంటికీ లంకె కుదరదు. ఒకదాని మీద ధ్యాస పెడితే రెండోది మరిచిపోతాను. మంగళవారం పదిసార్లకి మూడుసార్లు సరిగ్గా పడింది. బుధవారం ఏడుసార్లు. మిగిలిన మూడుసార్లూ తిరునాళ్ళలోనే పడతాయని నాకు గట్టి నమ్మకం. అరచెయ్యి కమిలిపోయింది. మా ఆవిడ కొబ్బరినూనె రాస్తూ ఏమీ అనలేదు. అనకపోవడం చూస్తే ఆవిడకీ భయమేనని తెలిసింది.

గురువారం మధ్యాహ్నం ఒక పాత మిల్లు గోడౌనులో రిహార్సల్. కీబోర్డాయన నాకన్నా ముందే వచ్చి ఉన్నాడు. చొక్కా ఇస్త్రీ చేసుకుని ఉంది, ముఖం వెలిగిపోతోంది. రాజుపాలెం నుంచి రెండు ట్రాక్టర్ల మీద వస్తున్నారట తన వాయిద్యం చూడటానికి. పెళ్ళాం, తల్లి, వీధిలో వాళ్ళందరూ. ఇన్నేళ్ళలో తనది అని చెప్పుకోవడానికి ఒక బిట్టు దొరకడం ఇదే మొదటిసారని బావతో అంటుంటే విన్నాను. గిటారు మీద గుడ్డ తీయగానే పట్టీని మొదట చూసింది కూడా అతనే.

"పెట్టించావా అన్నా! నేను పంపిన వీడియోలోదే కదూ!"

వంగి చూశాడు, తన వేలితో మీట నొక్కి చూసి చిన్నపిల్లాడిలా నవ్వాడు. అతని సంతోషంలో వేరే ఏమీ లేదు. ఏమైనా ఉందేమోనని నేనే వెతికాను.

పాట మొదలయ్యే ముందు, "బావా, ఒక్కసారి నన్ను వాయించనీ" అన్నాను. బావ నా వేలి వైపు చూశాడు, సరే అన్నాడు. నేను రెండో తీగ మీటి, అరచెయ్యి మెల్లగా అదిమాను. స్వరం పైకెక్కింది. నిలిచింది. మెల్లగా దిగి తన చోట తాను ఆగింది. డ్రమ్ములాయన పుల్లలు ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తున్నాడు. బావ మళ్ళీ వాయించమన్నాడు. వాయించాను. ఏడు నెలల తర్వాత నా గుండె మీద బరువు దిగింది. పట్టలేనంత సంతోషమేసింది, ఆ మాట దాచుకోను.

"ఒరేయ్, ఇదేరా" అన్నాడు బావ. ఆ వెంటనే కీబోర్డు వైపు తిరిగి, "నువ్వు ఆ బిట్టు తీసెయ్. వెనకమాల కార్డ్స్ పట్టుకో చాలు" అన్నాడు.

"అట్నే బావా" అన్నాడతను. ఒక క్షణం కూడా ఆలస్యం చెయ్యలేదు. గిటారు శబ్దం తీసేసి వేరేది పెట్టుకున్నాడు. స్వరం సాగదీసే చక్రం మీద ఉన్న వేలు తీసి ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చొక్కా మడత సర్దుకున్నాడు. నా వైపు చూసి, "చానా బాగుందన్నా" అన్నాడు. నిజంగానే అన్నాడు. అందుకే నేను అతని కళ్ళలోకి చూడలేకపోయాను.

ఆ బిట్టు పాటలో రెండుసార్లు వస్తుంది. మొదట ఒకసారి, రెండో చరణానికి ముందు ఒకసారి. మొదటిది నాది, రెండోది అతనిది అంటే బావ కాదనడు. ఎవరికీ నష్టం లేదు. ఒక్క మాట చాలు. ఆ మాట నా నోటి దాకా వచ్చింది. అంతలో రెండోసారి అతను వాయిస్తే జనం అతన్నే మెచ్చుకుంటారేమో, వచ్చే ఏడాది మీటెందుకు చక్రం చాలంటారేమో అనిపించింది. బావ చెయ్యెత్తి లెక్కపెట్టాడు, నేను అరచెయ్యి మీట మీదికి చేర్చాను.

ఆ మాట అనడానికి తిరునాళ్ళ దాకా నాకు ఇంకా మూడు రోజులున్నాయి. అనలేదు. ప్రభ కింద రెండుసార్లూ నేనే వాయించాను, రెండుసార్లూ ఒక్క వెంట్రుకవాసి కూడా తప్పలేదు.